నగరంలో ఉమ్మడి జాగా

నగరంలోని ఒక స్థలాన్ని వాడుకునేవాళ్లే కలిసి చూసుకుంటూ, దాన్ని ఎవరూ విడిగా అమ్ముకోవడానికి వీల్లేకుండా కట్టుబాటు చేసుకున్న ఏర్పాట్లను పట్టణ ఉమ్మడి వనరులు అంటున్నారు. చెరువు, దాని గట్టు, పేటవాళ్లు పెంచుకునే తోట, సహకార సంఘం కట్టుకున్న ఇళ్లు, ట్రస్టు పేరున ఉన్న నేల, పాడుబడితే కళాకారులు చేరి నడుపుకుంటున్న పాత భవనం, తోపుడుబళ్లు నిలిచే వీధి ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. కొన్నిటికి పక్కా పత్రాలున్నాయి. కొన్నిటికి ఏళ్ల తరబడి సాగిన వాడుక తప్ప మరే ఆధారమూ లేదు.

ఉమ్మడి అనగానే చాలామందికి సర్కారు భూమి గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు. హైదరాబాద్ కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ప్రభుత్వ భూమి ఎకరం 100 కోట్ల రూపాయలు దాటి పలికింది. ప్రభుత్వం కూడా ఒక యజమానే, మంచి ధర వస్తే అమ్ముతుంది. ఎడెల్లా ష్లాగర్, ఎలినార్ ఆస్ట్రమ్ 1992లో ఆస్తి హక్కును ఐదు ముక్కలుగా విడదీసి చూపారు. లోపలికి వెళ్లే హక్కు, ఫలసాయం తీసుకునే హక్కు, అజమాయిషీ చేసే హక్కు, ఇతరులను రానివ్వకుండా ఆపే హక్కు, అమ్ముకునే హక్కు. ఈ ఐదూ ఒకే చేతిలో ఉంటే అది మనకు తెలిసిన సొంత ఆస్తి. ఉమ్మడి ఏర్పాట్లలో మొదటి నాలుగిటినీ రకరకాలుగా పంచుకుంటారు. ఐదోదాన్ని మాత్రం ఎలాగో ఒకలా కట్టేస్తారు. కింద వచ్చే ఉదాహరణలు దేశాల్లోనూ కాలాల్లోనూ ఎంత దూరదూరంగా ఉన్నా వాటిని పోల్చి చూడ్డానికి ఒక్క ప్రశ్న పనికొస్తుంది: దీన్ని అమ్మాలంటే ఎవరి సంతకం కావాలి?

పాత కట్టుబాట్లు

ఇంగ్లండ్‌లో 1217 నాటి అటవీ శాసనం రాజు అడవుల్లో కట్టుబానిసలు కాని స్వతంత్రులకు పశువులు మేపుకునే, కట్టెలు ఏరుకునే హక్కులను ఒప్పుకుంది. తరవాతి శతాబ్దాల చరిత్ర ఆ హక్కులు ఒక్కొక్కటే పోయిన చరిత్ర. 1604 నుంచి 1914 దాకా ఉమ్మడి పొలాలకూ బీళ్లకూ కంచెలు వేయడానికి పార్లమెంటులో 5,200కు పైగా చట్టాలు వచ్చాయి. వాటి కింద 68 లక్షల ఎకరాలు, అంటే దేశంలో ఐదో వంతుకు కాస్త ఎక్కువ నేల, ఉమ్మడి వాడుక నుంచి పోయింది.

లండన్ పెరిగి చుట్టుపక్కల బీళ్లను తాకిన చోట ఈ కథ కొంచెం మలుపు తిరిగింది. 1864లో వింబుల్డన్ మైదానం మీద జమీందారీ హక్కున్న ఎర్ల్ స్పెన్సర్ కొంత భాగం అమ్మి, మిగతాదానికి కంచె వేయాలని చూశాడు. చుట్టుపక్కలవాళ్లు ఎదురు తిరిగారు. చివరికి 1871 చట్టం మైదానాన్ని ఒక పాలక మండలికి అప్పగించింది. మండలి సభ్యుల్లో ఎక్కువమందిని ఎన్నుకునేది అక్కడివాళ్లే, ఖర్చు భరించేదీ వాళ్లే. మైదానానికి ముప్పావు మైలు లోపల ఉన్న ఇళ్ల మీద ప్రత్యేక పన్ను పడుతుంది. ఇప్పటికీ అదే పద్ధతి. అక్కడ పశువులు మేసే రోజులు పోయి నగరవాసులు నడిచే రోజులు వచ్చాయి కానీ పాత మేత హక్కే ఆ నేలను ఇళ్ల ప్లాట్లు కాకుండా నిలబెట్టింది.

తెలుగు నేల మీద ఉమ్మడికి వెన్నెముక చెరువు. రాయలసీమలో చెరువు తవ్వినవాళ్లకూ దాన్ని బాగుచేసేవాళ్లకూ దశబంధం ఇనాములు ఉండేవి. గట్టు కాపలా, పూడిక తీత ఆ మాన్యం తినేవాళ్ల బాధ్యత. తూము తెరిచి వంతులవారీగా పొలాలకు నీళ్లు వదిలే నీరటికి పంటలో వాటా దక్కేది. చెరువు చుట్టూ పశువుల బీడు, మందబయలు, కళ్లాలు, వల్లకాడు ఉండేవి. రెవెన్యూ లెక్కల్లో వీటిని మద్రాసు ప్రెసిడెన్సీలో పోరంబోకు అన్నారు, నిజాం రాజ్యంలో శిఖం, గైరాన్, కంచ లాంటి పేర్లతో రాసుకున్నారు. ఊరు పట్నమైనప్పుడు బస్టాండుకో, కలెక్టరేటుకో, కాలనీకో మొదట చేతికందిన జాగా ఇదే. దీనికి పట్టాదారు లేడు కాబట్టి నష్టపరిహారం అడిగేవాడూ లేడు.

హార్డిన్ వాదన, ఆస్ట్రమ్ జవాబు

1968 డిసెంబరులో అమెరికన్ జీవశాస్త్రవేత్త గారెట్ హార్డిన్ ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన బీడులో ప్రతి కాపరీ తన లాభం కోసం ఇంకో పశువును తోలతాడని, చివరికి బీడే నాశనమవుతుందని దాని సారం. తప్పించుకోవడానికి రెండే దారులు చూపాడు, సొంత ఆస్తి చేయడం లేదా ప్రభుత్వ అదుపులో పెట్టడం. ఆ తరవాత ఎన్నో దేశాల్లో ఉమ్మడి భూముల్ని ముక్కలు చేయడానికి ఈ వ్యాసం సాకుగా పనికొచ్చింది. హార్డిన్ చెప్పిన బీడులో కాపరులు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, నీరటి లేడు, ఊరి పెద్ద లేడు, జరిమానా లేదు. అలాంటి బీడు ఏ ఊళ్లోనూ కనిపించదు. తన వాదన అజమాయిషీ లేని ఉమ్మడికే వర్తిస్తుందని హార్డిన్ కూడా 1990లలో సవరించుకున్నాడు.

ఎలినార్ ఆస్ట్రమ్ ఊహాలోకపు బీడును పక్కన పెట్టి, నిజంగా వందల ఏళ్లుగా నడుస్తున్న ఏర్పాట్లను పోగుచేసి చూసింది. స్విస్ పర్వతాల మేత భూములు, జపాన్ ఊరుమ్మడి అడవులు, స్పెయిన్ కాలువలు అందులో ఉన్నాయి. వలెన్సియాలో కాలువల రైతులు ఎన్నుకున్న న్యాయమండలి ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి చర్చి గుమ్మం ముందు కూర్చుని నీటి తగాదాలు తీరుస్తుంది. వకీళ్లుండరు, తీర్పు అక్కడికక్కడే. ఇలాంటి చోట్ల ఆమెకు పదేపదే కనిపించినవి కొన్ని ఉన్నాయి. వనరుకు హద్దు స్పష్టంగా ఉంటుంది. నియమాలు వాడుకునేవాళ్లే పెట్టుకుంటారు. కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకడుంటాడు. తప్పు చేస్తే మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది. పైనున్న ప్రభుత్వం వీళ్ల ఏర్పాటును గుర్తిస్తుంది. ఈ పరిశోధన 1990లో పుస్తకంగా వచ్చింది. 2009లో ఆమె అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ అయింది.

ఆస్ట్రమ్ చూసినవి ఎక్కువగా పల్లెలు. అక్కడ ఎవరేమిటో అందరికీ తెలుసు. నగరంలో మనుషులు వస్తూపోతూ ఉంటారు, పక్కింటివాడి పేరు తెలియదు. అన్నిటికన్నా పెద్ద తేడా నేల ధర. బీడులో గడ్డి విలువ కొన్నేళ్లలో పది రెట్లు పెరగదు, నగరంలో పార్కు కింద నేల విలువ అలా పెరగొచ్చు. పైగా ఆ పెరుగుదలలో పార్కును బాగా చూసుకున్నవాళ్ల చాకిరీ కూడా ఉంటుంది. ఉమ్మడిని చక్కగా నడిపితే దాన్ని అమ్మాలన్న ఆశ ఎక్కువవుతుందన్నమాట. న్యాయశాస్త్రవేత్తలు షీలా ఫాస్టర్, క్రిస్టియన్ యయోనే 2016లో నగరం మొత్తాన్నే ఉమ్మడి వనరుగా చూడాలని వాదించారు. ఫ్రెంచి తాత్వికుడు హెన్రీ లెఫెవ్ర్ 1968లోనే ‘నగరం మీద హక్కు’ అన్న ఆలోచన ముందుకు తెచ్చాడు. అతని లెక్కలో నగరం దాన్ని రోజూ తయారుచేస్తున్న వాళ్లది.

నేల ట్రస్టుది, ఇల్లు మనిషిది

నేల ధర పెరుగుదల ఎవరికి చెందాలన్న ప్రశ్నను నేరుగా పట్టుకున్నవాడు ఇంగ్లండ్‌కు చెందిన ఎబెనెజర్ హోవర్డ్. 1898లో అతను ప్రతిపాదించిన ఉద్యాన నగరంలో నేలంతా ఊరిదే, ఇళ్లవాళ్లు అద్దె కడతారు, పెరిగే అద్దె ఊరి ఖర్చులకు పోతుంది. 1903లో లెచ్‌వర్త్ మొదలైంది. దాని నేల ఒక కంపెనీ పేరున ఉంది, కంపెనీకి షేర్లున్నాయి, షేర్లను అమ్మొచ్చు. 1960లో బయటి కంపెనీ ఒకటి ఆ షేర్లు కొని పెత్తనం చేజిక్కించుకుంది. ఊళ్లో గగ్గోలు పుట్టాక 1962లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి నేలను ప్రభుత్వ సంస్థ కిందికి తెచ్చింది. 1995 నుంచి ఒక ధర్మసంస్థ దాన్ని నడుపుతోంది. హోవర్డ్ ఆశయం గొప్పదే, ఐదో హక్కుకు, అంటే అమ్ముకునే హక్కుకు, ముడి మాత్రం వదులుగా పడింది.

ఆ ముడిని గట్టిగా వేసినవాళ్లు అమెరికా దక్షిణాదిలోని నల్లజాతి రైతులు. జార్జియా రాష్ట్రం ఆల్బనీ ప్రాంతంలో ఓటు హక్కు అడిగిన పాలేర్లను భూస్వాములు ఇళ్ల నుంచి వెళ్లగొట్టేవాళ్లు. కాళ్ల కింద సొంత నేల లేనిదే ఏ హక్కూ నిలవదని పౌరహక్కుల ఉద్యమకారులు చార్లెస్ షెరాడ్, షెర్లీ షెరాడ్, స్లేటర్ కింగ్ గ్రహించారు. వాళ్లతో కలిసినవాడు రాబర్ట్ స్వాన్, శాంతివాది, గాంధేయుడు. 1969లో వీళ్లు ‘న్యూ కమ్యూనిటీస్’ పేరుతో ఒక సంస్థ పెట్టి 5,700 ఎకరాల పైచిలుకు భూమి కొన్నారు. నేల సంస్థది, సాగు చేసుకునేవాళ్లకు దీర్ఘకాలపు లీజు. కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టులన్నిటికీ ఇదే మూలం.

ఈ ఆలోచనకు దారి వేసినవాటిలో ఒకటి అప్పటి నల్గొండ జిల్లా పోచంపల్లి నుంచి మొదలైంది. తెలంగాణ సాయుధ పోరాటం చల్లారని రోజుల్లో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే ఆ ఊరు వచ్చాడు. భూమి లేని దళితులు 80 ఎకరాలు కావాలన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అలా మొదలైన భూదానం కొన్నేళ్లలో గ్రామదానంగా మారింది. అందులో భూమి యాజమాన్యం మొత్తం గ్రామసభకు దఖలు పడుతుంది, కుటుంబాలు సాగు మాత్రమే చేసుకుంటాయి. స్వాన్, అతని గురువు రాల్ఫ్ బోర్సోడీ ఈ గ్రామదానాన్ని శ్రద్ధగా గమనించారు. ఇజ్రాయెల్‌లో యూదు జాతీయ నిధి భూముల లీజు పద్ధతిని చూడ్డానికి స్వాన్, చార్లెస్ షెరాడ్, స్లేటర్ కింగ్ మరికొందరు 1968లో ఒక బృందంగా వెళ్లి వచ్చారు. భూదానం మాత్రం తన పుట్టింట్లోనే దెబ్బతింది. పంచిన భూమికి తరవాత కాపలా ఎవరన్నది తేల్చలేదు. హైదరాబాద్ చుట్టూ ధరలు పెరిగాక భూదాన భూములు చేతులు మారాయన్న కేసులు కోర్టుల దాకా వెళ్లాయి.

న్యూ కమ్యూనిటీస్ కూడా 1985లో తన భూమిని పోగొట్టుకుంది. వరస కరువులప్పుడు తెల్ల రైతులకు అందిన ప్రభుత్వ అత్యవసర రుణాలు వీళ్లకు అందలేదు. జాతి వివక్ష మీద నల్లజాతి రైతులు వేసిన దావాలో 2009లో ఆ సంస్థకు 1.2 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. ఆ డబ్బుతో ఒకప్పుడు బానిసలు పనిచేసిన ఒక ఎస్టేటును కొని మళ్లీ మొదలుపెట్టారు.

ఈ పద్ధతి పట్టణాలకు చేరింది 1980లలో. వెర్మాంట్ రాష్ట్రం బర్లింగ్టన్‌లో 1984లో, బెర్నీ శాండర్స్ మేయరుగా ఉన్నప్పుడు, నగరం ఇచ్చిన మూలధనంతో ఒక ట్రస్టు పుట్టింది. ఇల్లు కొనేవాడు గోడలకు, కప్పుకు మాత్రమే డబ్బు కడతాడు. నేల ట్రస్టుదే. అమ్మాల్సి వస్తే పెట్టిన డబ్బుతోపాటు పెరిగిన విలువలో నాలుగో వంతు తీసుకుంటాడు, మిగతాది ఇంటితోనే ఉండిపోయి తరవాత వచ్చే కుటుంబానికి ధర తగ్గిస్తుంది. 2008 ఇళ్ల సంక్షోభంలో అమెరికాలో లక్షల ఇళ్లు బ్యాంకుల పాలైనప్పుడు ఇలాంటి ట్రస్టుల ఇళ్లు చాలా తక్కువగా జప్తు అయ్యాయి. బోస్టన్‌లో డడ్లీ వీధి పరిసరాలు మరో తీరుగా నడిచాయి. బీమా డబ్బు కోసం ఇళ్లు తగలబెట్టగా మిగిలిన ఖాళీ జాగాలు, చెత్త గుట్టలు అక్కడ ఉండేవి. అక్కడివాళ్లు 1984లో సంఘం పెట్టుకున్నారు. 1988లో ఖాళీ స్థలాలను సేకరించే అధికారాన్నే నగరం ఆ సంఘానికి ఇచ్చింది. మామూలుగా ప్రభుత్వాలు పేదల ఇళ్ల మీద వాడే అధికారం అది.

ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో మార్తీన్ పేన్యా కాలువ ఒడ్డున మురికివాడలు నగరం నడిబొడ్డున ఉన్నాయి. కాలువ పూడిక తీస్తే నేలకు రెక్కలొస్తాయని, ముందు తామే ఖాళీ చేయాల్సి వస్తుందని అక్కడివాళ్లు గుర్తించారు. ఒక్కొక్కరికీ పట్టా వస్తే ఒక్కొక్కరినే కొనేస్తారు. అందుకే 2004 చట్టం ద్వారా 200 ఎకరాల దాకా నేలను ట్రస్టు కిందికి తెచ్చుకున్నారు. 2009లో శాసనసభ దాన్ని వెనక్కి తీసుకుంది, పోరాడి 2013లో మళ్లీ దక్కించుకున్నారు. మన దగ్గర మురికివాడ అనగానే ఇంటి పట్టా ఒక్కటే పరిష్కారంగా వినిపిస్తుంది. 1977 ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల చట్టం పేదలకిచ్చిన భూమిని అమ్మకూడదని నిషేధించింది. కానీ ఆ నిషేధాన్ని కాపాడే సంఘం ఏదీ పెట్టలేదు. ఒంటరి పట్టాదారు, అవసరం, తెల్లకాగితం మీద ఒప్పందం, ఇంతే సంగతులు. థాయ్‌లాండ్ 2003లో మొదలుపెట్టిన బాన్ మంకాంగ్ పథకంలో రుణమూ నేల లీజూ కుటుంబానికి కాక బస్తీ సహకార సంఘానికి ఇస్తారు.

ఇళ్ల సంఘాలు

సహకార గృహనిర్మాణంలో మన దేశం వెనకబడిందేమీ లేదు. బొంబాయి గాందేవిలో సారస్వత్ హౌసింగ్ సొసైటీ 1915లోనే పుట్టింది. నేలా భవనమూ సొసైటీవి, సభ్యుడికి వాడుకునే హక్కు. కాలక్రమంలో చాలా సొసైటీల్లో ఫ్లాటు సభ్యత్వం అంటే మార్కెట్లో అమ్ముకునే సరుకే అయింది. హైదరాబాద్‌లో 1960లలో వచ్చిన జూబ్లీహిల్స్ సొసైటీ లాంటివి ఇంకో అడుగు ముందుకేశాయి. ప్రభుత్వ భూమిని సంఘం పేరున తీసుకుని, ప్లాట్లు చేసి, సభ్యులకు రిజిస్టరు చేశాయి. సంఘం పేరులో సహకారం ఉంది, జాగాలో లేదు. ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల సొసైటీలకు హైదరాబాద్‌లో చేసిన భూ కేటాయింపులను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది.

అపార్టుమెంటు కూడా ఒక ఉమ్మడే. 1987 ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం ఫ్లాటు మనది, దాని కింద నేలలో విడదీయరాని వాటా మాత్రమే మనది. లిఫ్టు, డాబా, బోరు, పార్కింగు అందరివీ. ఆస్ట్రమ్ సూత్రాల్ని పరీక్షించాలనుకునేవాళ్లు ఏ అసోసియేషన్ మీటింగుకైనా వెళ్లి, నీళ్ల ట్యాంకరు ఖర్చు ఎలా పంచాలన్న చర్చ వింటే సరిపోతుంది.

ఇళ్లను అమ్ముకునే సరుకుగా మార్చిన మన సొసైటీలకు పూర్తిగా ఎదురు దిక్కున ఉంది ఉరుగ్వే. 1968 గృహనిర్మాణ చట్టం అక్కడ సహకార సంఘాలకు ప్రభుత్వ రుణం, నేల అందే ఏర్పాటు చేసింది. పరస్పర సాయం పద్ధతిలో ప్రతి కుటుంబమూ వారానికి 21 గంటలు కట్టుబడి పనిలో చేయి వేయాలి. ఏ ఇల్లు ఎవరికో పని అయ్యేదాకా తెలియదు కాబట్టి ఎవరూ ఏ గోడనూ వంకరగా కట్టరు. పూర్తయ్యాక ఇళ్లు సంఘానివే. వాడుకునే హక్కు పిల్లలకు వస్తుంది, వదిలి వెళ్తే పెట్టిన వాటా తిరిగి ఇస్తారు. 1970లో ఈ సంఘాలన్నీ ఫుక్వామ్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. 1983లో సైనిక ప్రభుత్వం ఈ ఇళ్లను ఎవరివి వాళ్లకు సొంత ఆస్తిగా మార్చాలని చట్టం తెచ్చింది. చూడ్డానికి అది వరమే. సభ్యులు వద్దన్నారు. 1984లో నియంతృత్వం ఇంకా ఉండగానే వీధుల్లోకి వచ్చి లక్షల సంతకాలు సేకరించారు. ఈ ఘట్టం ఉరుగ్వే ప్రజాస్వామ్య పునరుద్ధరణ చరిత్రలో భాగమైంది.

జర్మనీలో ఫ్రైబుర్గ్ కేంద్రంగా నడిచే మీట్స్‌హౌజర్ సిండికేట్ ఇదే పనిని కంపెనీ చట్టంతో సాధించింది. ప్రతి ఇల్లూ ఒక చిన్న కంపెనీ. దానికి ఇద్దరే వాటాదారులు, ఇంట్లో ఉండేవాళ్ల సంఘం ఒకటి, సిండికేట్ మరొకటి. రోజువారీ వ్యవహారాలన్నీ ఇంటివాళ్లవే. అమ్మకం విషయంలో మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి, సిండికేట్ ఎన్నడూ ఒప్పుకోదు. అప్పు తీరిన పాత ఇళ్లు కొత్త ఇళ్లకు సాయం చేస్తాయి. ఇలాంటివి దేశమంతటా దాదాపు 200 దాకా ఉన్నాయి. పెట్టుబడిదారుల కోసం పుట్టిన కంపెనీ చట్టాన్ని మార్కెట్‌కు తలుపు మూయడానికి వాడుకోవడం ఇందులో చమత్కారం.

జ్యూరిక్‌లో సహకార సంఘాలు నూరేళ్లుగా ఉన్నాయి. 2011లో నగర ఓటర్లు 2050 నాటికి అద్దె ఇళ్లలో మూడో వంతు లాభాపేక్ష లేనివి కావాలని తీర్మానించారు. 2014లో పూర్తయిన కాల్క్‌బ్రైటె సముదాయం ట్రాముల డిపో నెత్తి మీద కట్టింది. కింద ట్రాములు, పైన ఇళ్లు, మధ్యలో ఊరందరికీ తెరిచిన పెద్ద లోగిలి.

తోటలు, చౌకులు, పాడుబడ్డ భవనాలు

న్యూయార్క్ 1970లలో దివాలా అంచుకు చేరింది. ఇళ్ల యజమానులు పన్ను కట్టలేక భవనాలు వదిలేశారు. 1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులు మన్‌హాటన్‌లో చెత్త నిండిన ఒక జాగాను శుభ్రం చేసి తోట వేశారు. నగరం దాన్ని నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. అలాంటి తోటలు వందల్లో వచ్చాయి, చాలావాటిని పెంచింది ప్యూర్టోరికన్, నల్లజాతి కుటుంబాలు. పేట బాగుపడింది, నేల ధర పెరిగింది. 1999లో మేయర్ రూడీ జులియాని వంద పైచిలుకు తోటల్ని వేలానికి పెట్టాడు. వేలానికి ముందు రోజు నటి బెట్ మిడ్లర్ స్థాపించిన సంస్థ, ఇంకో ట్రస్టు కలిసి వాటిని కొనేశాయి. తోటలు నిలిచాయి. అయితే వాటిని కాపాడింది పెంచినవాళ్ల హక్కు కాదు, కొనగలిగినవాళ్ల దాతృత్వం.

అదే నగరంలో 1960ల నుంచి ఇంకో వింత ఉంది. కంపెనీ తన స్థలంలో కొంత ప్రజలకు తెరిచి ఉంచితే అదనపు అంతస్తులకు అనుమతి ఇస్తారు. జుకాటి పార్కు అలా వచ్చిందే. 2011 సెప్టెంబరు 17న ఆర్థిక అసమానతల మీద నిరసనగా ‘ఆక్యుపై’ ఉద్యమకారులు అక్కడ గుడారాలు వేశారు. నగరపాలక సంస్థ పార్కులు రాత్రి మూసేస్తారు, ఈ ప్రైవేటు పార్కు మాత్రం ఒప్పందం ప్రకారం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండాలి. ఆ లొసుగు వాళ్లకు రెండు నెలలు నీడనిచ్చింది.

ఇటలీలో ఈ చర్చ చట్టం భాషలో నడిచింది. నేపుల్స్‌లో పాత ఫిలాంజెరీ శరణాలయ భవనాన్ని 2012 మార్చిలో కళాకారులు ఆక్రమించారు. ఎవరైనా రావచ్చు, వారం వారం సభలో ఎవరు ఏ గది ఎప్పుడు వాడాలో తేల్చుకుంటారు. ఊరి అడవుల మీద ఇటలీ చట్టంలో ఉన్న పాత వాడుక హక్కులను తవ్వితీసి, వాటి నమూనాలో నియమావళి రాసుకున్నారు. 2015లో నగరపాలక సంస్థ దాన్ని ఆమోదించింది. భవనం నగరానిదే, నిర్వహణ ఖర్చులో కొంత నగరం భరిస్తుంది, వాడుక మీద నిర్ణయం మాత్రం సభది. బొలోన్యా 2014లో పౌరులూ నగరమూ కలిసి ఒప్పందాలు రాసుకునే నిబంధనలు తెచ్చింది, తరవాత 200కు పైగా ఇటలీ పట్టణాలు ఆ దారిన నడిచాయి. బొలోన్యా పద్ధతి సాఫీగా ఉంటుంది. అందుకేనేమో, అందులో ఎక్కువగా బెంచీలకు రంగులు, గోడల శుభ్రం లాంటి పనులే జరుగుతున్నాయన్న విమర్శ ఉంది.

ఇలాంటి ఆక్రమణల్లో కోపెన్‌హాగన్‌లోని క్రిస్టియానియా పాతది. 1971లో సైన్యం ఖాళీ చేసిన 34 హెక్టార్ల బారకాసుల్లోకి యువకులు చొరబడ్డారు. నలభై ఏళ్ల తగాదా తరవాత 2011లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. 2012లో ఒక ఫౌండేషన్ పెట్టి ప్రభుత్వం నుంచి కొనుక్కున్నారు. అందుకోసం అమ్మిన ‘జన షేర్ల’కు లాభమూ రాదు, యాజమాన్యమూ రాదు. సొంత ఆస్తిని ఒప్పుకోని ఊరు చివరికి ఆస్తి పత్రాల మీద సంతకం పెట్టక తప్పలేదు.

చెరువుల మీద తగాదా

హైదరాబాద్ చెరువుల కింద చాలా భూమికి శిఖం పట్టాలున్నాయి. నీళ్లు తగ్గిన కాలంలో సాగు చేసుకోవడానికి, నిండినప్పుడు చెరువుకే వదలడానికి ఇచ్చినవి అవి. ఒకే నేల మీద కొన్ని నెలలు రైతుకు, కొన్ని నెలలు నీటికి హక్కు. సాగు పోయి ప్లాట్లు వచ్చాక ఆ పట్టా ఏడాది పొడవునా పనికొచ్చే యాజమాన్య పత్రంగా చెలామణీ అయింది. పూర్తి నీటిమట్టం గీతలు, వాటి అవతల పెట్టిన బఫర్ దూరాలు ఇప్పుడు ఆ పాత ఒప్పందాన్ని మళ్లీ అమలు చేయాలని చూస్తున్నాయి. 2024 జులైలో వచ్చిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ చెరువుల్లోని కట్టడాల కూల్చివేతలు మొదలుపెట్టింది. పెద్ద కట్టడాలతోపాటు అప్పుచేసి కట్టుకున్న చిన్న ఇళ్లూ పోవడంతో వివాదం రేగింది. అంబర్‌పేట బతుకమ్మ కుంటకు 2025లో మళ్లీ నీళ్లొచ్చాయి.

అదే ఏడాది కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల కథ దేశమంతా తెలిసింది. ఆ భూమి ప్రభుత్వానిదేనని అంతకుముందే కోర్టుల్లో తేలింది. ప్రభుత్వం దాన్ని చదును చేయించడం మొదలుపెట్టినప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు యాజమాన్యం గురించి కన్నా చెట్లు, నెమళ్లు, బండరాళ్ల గురించే ఎక్కువ మాట్లాడారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపింది.

ఊరుమ్మడి భూముల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు 2011 జనవరి 28 నాటి జగ్‌పాల్ సింగ్ కేసు. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టుకుంటే, ఎన్నేళ్లయినా, ఎంత ఖర్చు పెట్టినా అది క్రమబద్ధం కాదని చెప్పి, అలాంటి భూముల్ని తిరిగి ఊళ్లకు అప్పగించే పథకాలు తయారుచేయాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఆచరణ మాత్రం కొన్నిచోట్ల అందుకు ఎదురు దారిలోనే నడిచింది. లేఅవుట్‌లో 10 శాతం జాగా పార్కులకు వదలాలన్నది నిబంధన. తెలంగాణ 2020 లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) ప్రకారం అది వదలని అక్రమ లేఅవుట్‌లో ఆ జాగాకు బదులు ప్లాటు విలువలో 14 శాతం రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చు. పిల్లలు ఆడుకోవాల్సిన జాగా ఖజానాకు చలానా అయింది.

బెంగళూరులో కైకొండ్రహళ్లి చెరువును 2009 తరవాత చుట్టుపక్కలవాళ్లు, నగరపాలక సంస్థ కలిసి బాగుచేశారు. ఆ నగరపు చెరువుల మీద హరిణి నాగేంద్ర ఆస్ట్రమ్‌తో కలిసి పరిశోధన చేసింది. చెరువు బాగుపడ్డాక చుట్టూ కంచె, నడక దారి, గేటుకు వేళలు వస్తాయి. పశువులు మేపేవాళ్లు, బట్టలుతికేవాళ్లు ఆ గేటు బయట మిగలడం మన నగరాలన్నిటా కనిపించేదే. అన్నిటికన్నా పెద్ద మినహాయింపు తూర్పు కోల్‌కతా. నగర మురుగునీటితో చేపలు పెంచే 12,500 హెక్టార్ల చిత్తడి నేల అది, బతుకుతెరువు అక్కడే ఉంది కాబట్టి కాపలా కూడా అక్కడే ఉంది.

వీధి విషయంలో మన చట్టం మెరుగ్గా ఆలోచించింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు మహిళలు. ఫుట్‌పాత్ మీద చోటు వాడుకోవడానికే, అమ్ముకోవడానికీ అద్దెకివ్వడానికీ కాదు. అమలు సంగతి వేరు.

ఎవరి ఉమ్మడి

పాత ఊరుమ్మడిని బంగారు కాలంగా చూపే రాతలు చాలా ఉన్నాయి. మహాడ్ వాటికి అడ్డు నిలుస్తుంది. మహారాష్ట్రలోని ఆ పట్టణంలో చవదార్ చెరువును 1924లో మునిసిపాలిటీ అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగాడు. అగ్రకులాలవాళ్లు దాడి చేశారు, చెరువును శుద్ధి చేశారు, ఆపైన అది ప్రైవేటు చెరువని కోర్టుకు వెళ్లారు. దళితుల్ని దూరంగా ఉంచడానికి ఉమ్మడి చెరువు ఒక్క రాత్రిలో సొంత ఆస్తి అయిపోయింది. బొంబాయి హైకోర్టు 1937లో వాళ్ల వాదనను తోసిపుచ్చింది. కారంచేడులో 1985 జులైలో గొడవ మొదలైంది కూడా చెరువు దగ్గరే. తాగే నీళ్లు పాడుచేయొద్దని అడ్డు చెప్పినందుకు దళితవాడ మీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు.

ఆస్ట్రమ్ మొదటి సూత్రం, హద్దు స్పష్టంగా ఉండాలన్నది, ఇక్కడ కత్తి అవుతుంది. లోపలివాళ్లెవరో తేల్చే అధికారం కులం చేతిలోనో కాలనీ అసోసియేషన్ చేతిలోనో ఉంటే ఉమ్మడి అంటే కొందరి ఉమ్మడి మాత్రమే. నగరాల్లో గేటు పెట్టుకున్న కాలనీలు కూడా తమ పార్కును ఉమ్మడిగా, చక్కగానే నడుపుకుంటాయి.

ఇంకో విమర్శ వామపక్షం నుంచి వస్తుంది. ప్రభుత్వం చేయాల్సిన పనుల్ని జనం మీదికి నెట్టడానికి ఉమ్మడి మాట పనికొస్తోందని. బ్రిటన్‌లో 2010 తరవాత కోతలు పెట్టిన గ్రంథాలయాలను నడపమని స్వచ్ఛంద కార్యకర్తలకు అప్పగించారు. ఇళ్లు కట్టాల్సింది ప్రభుత్వమేనని వియన్నాను చూపి వాదించేవాళ్లున్నారు. 1923 నుంచి 1934 దాకా ఆ నగరపాలక సంస్థ 60,000కు పైగా ఇళ్లు కట్టింది, ఇప్పటికీ అమ్మలేదు. బ్రిటన్ కౌన్సిల్ ఇళ్లు అలా నిలవలేదు. 1980 చట్టం అద్దెకున్నవాళ్లకు కొనే హక్కు ఇచ్చింది, లక్షల ఇళ్లు పోయాయి. పెద్ద సంఖ్యలో కట్టగలిగేది ప్రభుత్వమే, ఎన్నికల తరవాత అమ్మగలిగేదీ అదే.

ఈ రెంటినీ కలిపి చూస్తున్న నగరం బెర్లిన్. 2008లో మూసేసిన టెంపెల్‌హాఫ్ విమానాశ్రయాన్ని 2010లో పార్కుగా తెరిచారు. అంచుల్లో ఇళ్లు కడతామని నగరం ప్రతిపాదిస్తే 2014 రెఫరెండంలో జనం ఒప్పుకోలేదు. 300 హెక్టార్ల మైదానం అలాగే ఉంది. ఇళ్ల కొరత ఉన్న నగరంలో అది సరైన నిర్ణయమేనా అన్న వాదన ఆగలేదు. 2021 సెప్టెంబరు రెఫరెండం అంతకన్నా పెద్దది. 3,000 కన్నా ఎక్కువ ఇళ్లున్న కంపెనీల నుంచి ఇళ్లను తీసుకుని, అద్దెదార్లకు పాలనలో చోటుండే ఒక ప్రజాసంస్థకు అప్పగించాలని అడిగింది. రాజ్యాంగంలో ఎన్నడూ వాడని 15వ అధికరణ అందుకు ఆధారం. చెల్లిన ఓట్లలో 59 శాతం అవునన్నాయి. 2023 జూన్‌లో నిపుణుల సంఘం ఇది రాజ్యాంగబద్ధంగా సాధ్యమేనని తేల్చింది. నగర ప్రభుత్వం ఇళ్ల బదిలీ మొదలుపెట్టలేదు. ఉద్యమకారులు ఈసారి తీర్మానం అడగడం మాని, చట్టాన్ని తామే రాసి దాని మీదే ఓటు పెట్టించే పనిలో పడ్డారు.